మోరిస్ కారులో మిషను నూనె

పోయిన నెల మా కారు బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమంటోందని ఎల్బీ నగర్‌లో ఒక సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. నన్ను చల్లటి అద్దాల గదిలో సోఫాలో కూర్చోబెట్టారు. కారుకి ఏం చేస్తున్నారో అద్దంలోంచి చూడొచ్చుగానీ దగ్గరికి వెళ్ళకూడదట. కాసేపటికి ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, ముందు చక్రాల బ్రేకు సెట్టు మొత్తం మార్చాలి" అంది. బాగుచేయడానికి వీల్లేదా అమ్మా అని అడిగాను. "ఇప్పుడెవరూ బాగుచేయరు మేడమ్, మార్చేస్తారు" అంది. మర్యాదగానే అంది. సాయంత్రం తాళాలతోపాటు, తీసేసిన పాత సామాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. మన్సూరాబాద్‌లో మా ఇంటికి వచ్చాక ఆ సంచి విప్పి, ఇనుప ముక్కల మధ్య ఉన్న ఒక రబ్బరు రింగుని బయటికి తీసి, వేళ్ళ మధ్య నొక్కి, వాసన చూశాను. డెబ్బై దాటిన ఆడది అన్నం బల్ల దగ్గర కూర్చుని కారు రబ్బరు వాసన చూడటం ఏమిటని మా కోడలు అదోలా చూసింది. ఆ పిల్లకి చెప్పాలంటే నా పదిహేడో ఏడు మొత్తం చెప్పాలి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పనిది, టీ తాగుతూ చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

మేం దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకి దిగేనాటికి అక్కడ ఇళ్ళకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. కాస్త ముందుకు వెళితే ద్రాక్షతోటలు. ఇప్పుడు మెట్రో దిగి జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నడిచే ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర అప్పుడు విజయవాడ వెళ్ళే రోడ్డూ, అటూ ఇటూ బండరాళ్ళూ, వాటి మధ్య మేకలూ తప్ప మరేం లేవు. మా నాన్నది గుంటూరు జిల్లా. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు ఫైళ్ళతోపాటు తనూ వచ్చాడు. వచ్చిన కొత్తలో పాత జాగీర్దారుల ఇంట్లో సామాను అమ్మేస్తుంటే అక్కడ ఒక మోరిస్ కారు ఆయన కంట్లో పడింది. నల్లటిది, తాబేలులా గుండ్రటి వీపు. కొన్న కొన్నాళ్ళకే బ్రేకులు పోయాయి. వెనక కమాన్లు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, కుంగిపోయాయి. అప్పట్నుంచి అది మా పెరట్లో నిలబడే ఉండేది. మా అమ్మ దాని పైకప్పు మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేది. రేకు కాలి, వడియాలు ఒక్క పూటలో గలగలలాడేవి. ఆదివారం పొద్దున నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దం దించుకుని పేపరు చదివేవాడు. అమ్మ కాఫీ గ్లాసు కిటికీలోంచే అందించేది. "ఎందాకా వచ్చారు?" అని అమ్మ అడిగితే, "విజయవాడ దాటాం" అనేవాడు తలెత్తకుండా. అంత సరదా మనిషి ఆ ఏడాది అంత అనుమానపు మనిషి ఎలా అయ్యాడో తల్చుకుంటే నాకు ఇప్పటికీ దిగులుగా ఉంటుంది.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి రేగిన ఏడాది అది. కాలేజీలు మూతబడ్డాయి. 'మా నౌకర్లు మాకే', అంటే మా ఉద్యోగాలు మాకు కావాలని, పిల్లలు రోజూ ఊరేగింపులు తీసేవాళ్ళు. బస్సుల మీద రాళ్ళు పడేవి. ఏ రోజు బస్సు తిరుగుతుందో, ఏ రోజు బందో పొద్దున లేస్తేగాని తెలిసేది కాదు. మా వీధి చివరి గోడ మీద ఎవరో బొగ్గుతో 'ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలె' అని రాశారు. మా అమ్మ తడిగుడ్డ పట్టుకుని తుడవడానికి వెళ్ళి, అందరూ చూస్తున్నారని తిరిగొచ్చేసింది. నాన్న ఒక ట్రంకుపెట్టె సర్ది మంచం కింద పెట్టాడు. పక్కింటి సుబ్బారావుగారు, ఆయనా మావైపు ఉద్యోగే, రోజూ సాయంత్రం పిట్టగోడ మీదికి వంగి ఎక్కడేం జరిగిందో ఒకటికి రెండు కలిపి చెప్పేవాడు. ఆయన వెళ్ళాక నాన్న లేచి గేటు గడియ మళ్ళీ చూసొచ్చేవాడు.

బస్సుల్ని నమ్ముకుంటే లాభం లేదని, కారుని బాగుచేయిద్దామని నాన్న నిర్ణయించుకున్నాడు. ఆఫీసు సైఫాబాదులో. నడిచి వెళ్ళే దూరం కాదు. కొత్త సామాను వేయించే స్తోమత మాకు లేదు. ఎవరో యాదగిరి పేరు చెప్పారు. విజయవాడ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని లారీలు బాగుచేస్తాడనీ, ఉన్న సామానుతోనే పని నడిపిస్తాడనీ చెప్పారు. అతనిది నల్లగొండ జిల్లాలో ఓ పల్లె. వానలు లేక పట్నం వచ్చి, మలక్‌పేటలో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. వచ్చీ రాగానే కారు చుట్టూ తిరిగి, వెనక మూలన రెండు చేతులూ ఆన్చి గట్టిగా అదిమి వదిలాడు. కారు కిందికీ పైకీ ఊగుతూనే ఉంది.

"ఒక్కపారి లేచి నిలబడాలె సార్. ఇది ఉయ్యాలలెక్క ఊగుతున్నది" అన్నాడు.

"బాగవుద్దా? కొత్త సామాను వేయాలంటే నావల్ల కాదు, ముందే చెబుతున్నా" అన్నాడు నాన్న.

"కొత్తది యాడ దొరుకుతది సార్ గీ బండికి? ఉన్నదాన్నే నిలబెడ్త. ఒక్క బ్రేకు రబ్బర్ల కాడ మాత్రం నాకు అడ్డం రావొద్దు. కమాను ఇరిగితె నడుము నొస్తది. రబ్బరు తప్పితె మనిషి పోతడు."

నాన్నకి ఆ మాట నచ్చింది. పనంతా మా పెరట్లోనే జరిగింది. కాలేజీ లేక, చదవాలనిపించక, గుమ్మంలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న నాకు అంతకంటే మంచి కాలక్షేపం లేదు. యాదగిరి కమాన్లు విప్పి, సైకిలుకి కట్టుకుని కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ వాటిని ఎర్రగా కాల్చి, కొట్టి, పోయిన వంపు మళ్ళీ తెప్పించాడు. విరిగిన పట్టీ బదులు జుమ్మెరాత్ బజారులో పాత జీపుది ఒకటి వెతికి, కోయించి, మధ్యలో చేర్చాడు. అతుకుల దగ్గర వేసే రబ్బరు దిమ్మల్ని చిరిగిన లారీ టైరులోంచి కత్తితో కోసి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. బ్రేకు రేకులకి పాత పొర ఊడదీసి కొత్త పొర రివెట్లు కొట్టి బిగించాడు. విప్పిన ప్రతిదాన్నీ పాత పేపరు మీద వరసగా పెట్టేవాడు. ఆ వరస ఎవరు తొక్కినా ఊరుకునేవాడు కాదు. చివరికి మా నాన్న కూడా పేపరు చదవడానికి ఎక్కడ కూర్చోవాలో తెలియక, వడియాలు ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్న మా అమ్మతో కలిసి వంటింట్లో చేరాడు.

బ్రేకు రబ్బర్లు చిన్న గిన్నెల్లా ఉంటాయి. వాటికోసం యాదగిరి పుత్లీబౌలీ దుకాణాలన్నీ తిరిగి, కొత్తవి తెచ్చి, మా అమ్మ ఉతికి ఇచ్చిన తెల్లగుడ్డ మీద పెట్టాడు. పసిపిల్లాడికి స్నానం చేయించినట్టు వాటిని బ్రేకు నూనెలోనే కడిగాడు. ఆ రోజుల్లో ఆ నూనెలో ఆముదం కలిపేవారు. ఆముదమూ, స్పిరిటూ కలిసిన ఘాటు వాసన. ఆ సీసా మూత తీసినంతసేపూ యాదగిరి బీడీ ముట్టించేవాడు కాదు.

బ్రేకు గొట్టాల్లో గాలి ఉంటే బ్రేకు పట్టదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకళ్ళు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకళ్ళు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న మర తిప్పాలి. నాన్న ఆఫీసులో ఉన్నాడు. అమ్మ నేను రానంది. నేను లంగా సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. కింద నుంచి యాదగిరి గొంతు వినిపించేది. "నొక్కు బిడ్డా... పట్టు, పట్టు... ఇడువు." మళ్ళీ అదే. "నొక్కు... పట్టు... ఇడువు." మొదట పాదం కింద మెత్తగా, పరుపు తొక్కినట్టు ఉండేది. నాలుగో చక్రం అయ్యేసరికి గట్టి నేల తగిలినట్టు తగిలింది. "కాకా, గట్టిపడింది!" అని నేను కేకేస్తే, కింద నుంచి పెద్దగా నవ్వాడు. కాకా అని పిలవడం అతనే నేర్పాడు. అంకుల్ అంటే ఎవర్నో పిలిచినట్టుంది అన్నాడు. మా వాళ్ళలో ఎవరికీ ఆ పిలుపు లేదు. మా అమ్మకి వింతగా ఉండేది, నాకు మాత్రం నోటికి బాగా పట్టింది.

ఆ రోజే అతను నాకు డ్రైవరు కాళ్ళ కింద పట్టా ఎత్తి, నేలరేకులో చిన్న మూత చూపించాడు. దాని కిందే నూనె డబ్బా. "వారానికొకపారి మూత తీసి చూడు బిడ్డా. నూనె తగ్గితె నిండ పొయ్యి. మీ నాయినకు యాదికుండది." ఇంతలో నాన్న వచ్చాడు. మొదటిసారి కారు రోడ్డు మీదికి తీసేటప్పుడు తనూ ఎక్కబోతే యాదగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. బ్రేకులు చేసిన బండిలో మొదట చేసినవాడే ఒంటరిగా కూర్చోవాలని వాళ్ళ ఉస్తాదు పెట్టిన నియమమట. ద్రాక్షతోటల దాకా వెళ్ళి, మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి చూసుకుని తిరిగొచ్చి, దిగి, అప్పుడు తాళం నాన్న చేతిలో పెట్టాడు.

నాన్న ఎంత సంతోషించాడంటే, ఆ సాయంత్రమే ఒక మాట ఇచ్చేశాడు. వాళ్ళ ఆఫీసులో జీపులకి ఒక షెడ్డు ఉంది. అందులో మెకానిక్కు ఉద్యోగం ఖాళీగా ఉంది. దాని మీది ఆఫీసరు నాన్న మాట వింటాడు. "నిన్ను పెట్టిస్తానయ్యా యాదగిరీ. ఆయన్ని ఈ కార్లోనే ఎక్కించుకుని నీ పని చూపిస్తాను" అన్నాడు. యాదగిరి చేతులు కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "సర్కారు నౌకరా సార్? అయితదా?" అని రెండుసార్లు అడిగాడు. అతని భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఊళ్ళోనే ఉండేవారు. నెలజీతం వస్తే వాళ్ళని తీసుకొచ్చుకోవచ్చు. వారం తిరక్కుండానే సైదాబాదులో ఒక గది చూసి వచ్చాడు. "కిరాయికిస్తరంట బిడ్డా. బాయి కూడ ఉన్నది" అని నాతో చెప్పాడు. ఆ బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కూడా చెప్పాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఆ తర్వాత వచ్చిన రెండు రోజుల బందులో నేను ఎంతో బాధ్యతగా పట్టా ఎత్తి మూత తీసి చూశాను. నూనె కొంచెం తగ్గింది. బ్రేకు నూనె సీసా ఖాళీ. దుకాణాలన్నీ మూత. మర్నాడు నాన్న ఆఫీసుకి వెళ్ళాలి. వసారాలో అమ్మ కుట్టు మిషను మీద పొడుగు ముక్కు డబ్బాలో మిషను నూనె కనిపించింది. నీళ్ళలా పల్చగా, శుభ్రంగా ఉంటుంది. కుట్టు మిషను లాంటి సున్నితమైన దానికే పనికొచ్చేది బ్రేకుకి పనికిరాదా అనుకున్నాను. డబ్బా మొత్తం ఒంపి, మూత బిగించి, పట్టా సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పుకోవలసినంత పనని అనుకోలేదు. మిషను నూనె తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుందని మెకానిక్కులందరికీ తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని యాదగిరి నాకు చెప్పలేదు.

పది రోజులు కారు బ్రహ్మాండంగా నడిచింది. "బ్రేకు ఎంత పట్టుగా ఉందో చూశావా, కాలు తీసినా వదలట్లేదు" అని నాన్న గొప్పగా చెప్పేవాడు. వదలకపోవడమే జబ్బని మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, అన్న మాట ప్రకారం, ఆఫీసర్ని కారులో ఎక్కించుకుని బయల్దేరాడు. చాదర్‌ఘాట్ వంతెన మీద, ఎదురుగా ఊరేగింపు వస్తుండగా, కారు నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి నిలబడిపోయింది. ముందు చక్రాల నుంచి పొగ. ఆఫీసరు తనని చంపడానికే ఇదంతా చేశారనుకుని తలుపు తీసుకుని పరుగెత్తాడట. నినాదాలు ఇస్తున్న కుర్రాళ్ళు వచ్చి, నీళ్ళు తెచ్చి చక్రాల మీద పోసి, కారుని అమాంతం ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ నినాదాలు ఇచ్చుకుంటూ వెళ్ళిపోయారట. ఈ చివరి సంగతి నాన్న చాలాకాలం చెప్పలేదు. కబురు పంపితే యాదగిరి సైకిలు మీద వచ్చి, చక్రాల దగ్గర మరలు వదులు చేసి, లోపల చిక్కుకున్న నూనె కార్చేసి, చేతిబ్రేకు మీద కారుని మెల్లగా ఇంటికి తెచ్చాడు.

పెరట్లో చక్రం విప్పాడు. నాన్న పక్కనే నిలబడ్డాడు. సుబ్బారావుగారు పిట్టగోడ దగ్గర. యాదగిరి రబ్బరుని బయటికి లాగాడు. తెల్లగుడ్డ మీద నేను చూసిన బుల్లి గిన్నె కాదది. ఉబ్బి, మెత్తబడి, పుట్టగొడుగులా ఉంది. వేలికి నూనె అంటించుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇండ్ల వేరే నూనె పడ్డది సార్."

"ఎవరు పోస్తారు? నువ్వు తప్ప ఆ కారు మీద చెయ్యేసింది ఎవరు?"

"నేను ముందే చెప్పలా?" అన్నాడు సుబ్బారావుగారు గోడమీంచి. "ఈ రోజుల్లో బ్రేకులు తీసుకెళ్ళి వాళ్ళ చేతికిస్తారా ఎవరైనా? ప్రాణాలే ఇచ్చారు."

వసారా స్తంభం పట్టుకున్నాను. యాదగిరి తలెత్తి మొదట నా మొహం చూశాడు. తర్వాత నా వెనక ఉన్న కుట్టు మిషను చూశాడు, దాని మీద నూనె డబ్బా చూశాడు. అంతా అతని కళ్ళలో తెలిసిపోయింది. నేను చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. నాన్న కొట్టే మనిషి కాదు. అయినా నేను స్తంభం వెనక్కి జరిగాను.

"నాదే తప్పు సార్" అన్నాడు యాదగిరి. "నేను సరిగ్గ చూస్కోలే."

"తప్పా, కావాలని చేశావా?"

యాదగిరి లేచి నిలబడ్డాడు. "సార్, ఏమన్న అనుండ్రి. బ్రేకు కాడ ఎవడన్న కావాల్నని చేస్తడా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పానాలు గుడ్డలో చుట్టుకుని, సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న, ఉద్యోగానికి అతని పేరు తీసేయమని ఆఫీసరుకి చెప్పేశానని అమ్మతో అన్నాడు. నేను చారన్నం కలుపుకుంటూ విన్నాను. వినీ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. అలా ఎన్ని రోజులు గడిపానో లెక్కపెట్టుకునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

చివరికి ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే చెప్పులేసుకుని రోడ్డు వెంబడి నడిచి అతని షెడ్డుకి వెళ్ళాను. లారీ కింద ఉన్నాడు. కాకా అని పిలిస్తే బయటికొచ్చి, స్టూలు తుడిచి నా ముందు పెట్టాడు. నేను కూర్చోలేదు. ఏడుస్తూ, ఒక ముక్క ముందూ ఒక ముక్క వెనకా మొత్తం చెప్పాను.

"నాకు ఎరుకే బిడ్డా" అన్నాడు.

"మరి నువ్వెందుకు చెప్పలేదు కాకా?"

"నూనె పొయ్యమన్నది నేను. ఏ నూనెనో చెప్పకపోతి. సగం పని నేర్పిచ్చినోనిదే తప్పు." చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "మీ నాయినకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వనిదా?"

కోపంగా అనలేదు. మళ్ళీ లారీ కిందికి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే నేను ఏడ్చి, మనసు తేలికచేసుకుని ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ మాటతో నాకు ఏడుపు కూడా ఆగిపోయింది. నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. చొక్కా విప్పకముందే చెప్పేశాను.

నాన్న, "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగాడు. మర్నాడు ఆఫీసులో అడిగితే ఆ ఉద్యోగం నిండిపోయింది. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి నడిచి వెళ్ళాడు. జీవితంలో ఎవరికీ క్షమాపణ చెప్పిన అలవాటు లేని మనిషి. రేకు కిందికి వంగి వెళ్ళి, "యాదగిరీ, నేను పొరబడ్డాను. నిన్ను అనకూడని మాటన్నాను" అన్నాడు.

"ఏం కాదు సార్. బండి నేను మల్ల చేస్త."

"ఉద్యోగం మాత్రం పోయిందయ్యా. వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

"ఎవరికొచ్చింది సార్?"

నాన్న నేల చూశాడు. "మావైపు కుర్రాడికే. ఆఫీసరు బావమరిదట. పనేమీ రాదు" అన్నాడు.

యాదగిరి తలూపాడు. సైదాబాదు గది సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆదివారం వచ్చి రబ్బర్లన్నీ మార్చాడు. గొట్టాలన్నీ స్పిరిటుతో కడిగాడు. నాన్నని లోపల కూర్చోబెట్టి తొక్కించాడు. పనయ్యాక నన్ను పిలిచి కూర్చోబెట్టి, రెండు మూతల్లో రెండు నూనెలు పోసి, ఒక్కోదానిలో ఒక్కో పాత రబ్బరు వేసి, "రేపు పొద్దుగాల చూడు, నీకే ఎరుకైతది" అన్నాడు. ఆ తర్వాత ఆ కారు మా దగ్గరున్నన్నాళ్ళూ బ్రేకు ఒక్కసారి కూడా మొరాయించలేదు. నాకు పెళ్ళయ్యాక నేను నడిపిన ప్రతి కారుకీ నూనె నేనే చూసుకున్నాను. మా ఆయన ముట్టుకుంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పటి కార్లకి ఆ అవసరం లేదు, ఏదైనా తగ్గితే దీపం వెలుగుతుంది. మంచిదే. అద్దం అవతల పనిచేసేవాళ్ళ పేర్లు మనకి తెలియవు, మన పేర్లు వాళ్ళకి అక్కర్లేదు, ఎవరివల్ల ఎవరికీ నష్టం ఉండదు. అది సుఖమో కాదో నేను తేల్చుకోలేకపోతున్నాను. తెలంగాణ వచ్చిన రోజున ఎల్బీ నగర్ చౌరస్తాలో టపాకాయలు కాలుస్తుంటే, మొదటిసారి గొడవల్లో మీవాళ్ళు బాగా ఇబ్బంది పడ్డారట కదా అని పక్కింటావిడ నన్ను అడిగింది. పడ్డాం అన్నాను. మేం పెట్టిన ఇబ్బంది గురించి ఆవిడ అడగలేదు.

కారు బాగయిన కొన్నాళ్ళకి మా రోడ్డు మీద పెద్ద ఊరేగింపు వెళ్ళింది. నాన్నా నేనూ గేటు లోపల నిలబడి చూస్తున్నాం. సుబ్బారావుగారు వాళ్ళ గేటులో. జనం మధ్యలో యాదగిరి కనిపించాడు. అంతవరకూ అతను ఏ ఊరేగింపుకీ వెళ్ళలేదు. ఆ గడబిడ మనకెందుకు, పని చేసుకుంటే చాలు అనేవాడు. ఆ రోజు షెడ్డు మూసేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. మా ఇంటి ముందుకి రాగానే మమ్మల్ని చూశాడు. తలదించుకోలేదు, కళ్ళెర్రజేయలేదు. ఎప్పటిలాగే నాన్నకి నమస్తే పెట్టాడు. పెట్టిన చేతినే పిడికిలి బిగించి పైకెత్తి, చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసి గట్టిగా అరిచాడు. మా నౌకర్లు మాకే అని.

"చూశారా? వాడు మొదట్నుంచీ వాళ్ళ మనిషే" అన్నాడు సుబ్బారావుగారు.

"కాదండీ" అన్నాడు నాన్న. "అతన్ని అందులోకి పంపింది నేను."

నేను పక్కనే ఉన్నాను. కాదు నాన్నా, నేను పంపాను అని అప్పుడైనా అనాల్సింది. అనలేదు. యాదగిరి అడుగుతున్నది న్యాయమేనని నాకు అక్కడే, గేటు పట్టుకుని నిలబడి ఉండగానే తెలిసింది, ఎందుకంటే అతనికి రావలసిన ఉద్యోగం పోగొట్టింది నేను. ఊరేగింపు మలక్‌పేట వైపు వెళ్ళిపోయింది. అన్ని గొంతుల్లో అతని గొంతేదో నాకు చాలా దూరం దాకా తెలుస్తూనే ఉంది.